నిండినప్పుడే బయటపడు దోషము

నాయనా! కొత్తగా కారు కొని, దాని తాళపుచెవి వ్రేలికి తగిలించుకొని తిరుగుచున్నావు, సంతోషము. కారునకు వచ్చు రోగములు పెక్కు. బ్రేకులు అరుగును, బ్యాటరీ దిగును, టైరు పంక్చరగును. అవి వచ్చినప్పుడు బండి మొరాయించును గనుక, నీవు బుద్ధిమంతుడవైనను కాకున్నను, మరమ్మతు చేయింపక తప్పదు. నేను చెప్పబోవు దోషము అట్టిది కాదు. అది ట్యాంకు నిండినప్పుడు మాత్రమే కనబడును. బంకులో ఫుల్ ట్యాంకు కొట్టించి ఇంటికి రాగానే వెనుక చక్రము దగ్గర పెట్రోలు వాసన వచ్చును. నేలమీద అరచేతి వెడల్పున తడి యుండును. కొంత తిరిగి నాలుగవ వంతు ఖర్చు కాగానే వాసన పోవును, తడి ఆరును, బండి ఎప్పటివలెనే పరుగెత్తును. యజమాని "అదే సర్దుకున్నది" అని ఊరడిల్లును. సర్దుకొనలేదు. పెట్రోలు మట్టము పగులుకంటె క్రిందికి దిగినది, అంతియే.

అచ్చటినుండి మనుష్యుని బుద్ధి పనిచేయు తీరు చూడుము. కారుచున్నది పైభాగమున గదా, పైవరకు నింపకుండిన చాలును గదా అని తోచును. ఆనాటినుండి సగము ట్యాంకే కొట్టించును. ఈ ఉపాయము కనిపెట్టి తమ తెలివికి తామే మురిసినవారిని చాలమందిని ఎరుగుదును. వారిలో చదువుకొన్నవారే ఎక్కువ. దోషమును పోగొట్టుట వేరు, దోషము కనబడని మట్టమున కాలము గడుపుట వేరు. ఈ రెండవది నీకు తగదని చెప్పుటకే కూర్చుంటిని.

నీవు ట్యాంకులో మోయుచున్నది ఎట్టి వస్తువో మొదట తెలిసికొనుము. పెట్రోలు తానుగా మండదు. దాని ఆవిరి మండును. నిప్పు తగిలినచో అంటుకొనుటకు చాలినంత ఆవిరి, సున్నకు సుమారు 40 డిగ్రీల దిగువననే దానినుండి పుట్టును. లంబసింగిలో గడ్డిపై మంచు పేరుకొన్న ఉదయమున సైతము అది ఆవిరి విడుచుచునే యుండును. విజయవాడ మే నెల మాట చెప్పనేల? ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. కావున పైకి లేచి చెదరిపోదు. నేలనంటి ప్రాకి, పల్లము వెదకికొని పోయి, గాలి ఆడని చోట నిలుచును. కంటికి కానరాదు. గాలిలో దాని పాలు 1.4 శాతము మొదలు 7.6 శాతము వరకు ఉన్నంతసేపు ఒక్క నిప్పురవ్వ చాలును.

రాత్రి నీ కారు నిలుచు చోటేది? అపార్టుమెంటు సెల్లారు. అది భూమికి దిగువన తవ్విన పల్లము. ఇంటింటి కరెంటు మీటర్ల బోర్డు అచ్చటనే, జనరేటరు అచ్చటనే, నీటి మోటారు స్టార్టరు అచ్చటనే. స్విచ్చి పడినప్పుడెల్ల రవ్వ రాల్చగలవి అవి. అన్నిటికంటె ముఖ్యముగా, మూలనున్న ఆ ఒంటిగదిని తలచుకొనుము. వాచ్‌మన్ అందులో భార్యాబిడ్డలతో కాపురముండును. తెల్లవారుజామున అందరికంటె ముందు లేచి స్టవ్వు వెలిగించునది ఆ ఇల్లాలు. నీవు ఐదవ అంతస్తులో నిద్రింతువు. నీ ట్యాంకునుండి జారిన ఆవిరి మెట్లెక్కి నీ పడకగదికి రాదు. ఆమె పొయ్యి దగ్గరకు పోవును. సగము ట్యాంకు ఉపాయము పన్నినవాడు సంక్రాంతికి ఊరికి పోబోవుచు, తన ఉపాయము తానే మరచి, ముందునాటి రాత్రి ఫుల్ ట్యాంకు చేయించి సెల్లారులో నిలుపును. ఆ మరపునకు వెల చెల్లించువారు వేరొకరు. నీ అశ్రద్ధవలన నీవొక్కడవే చెడుదువన్నచో నేనింత కఠినముగా చెప్పియుండను. నీ సొమ్ము, నీ ఇష్టమని ఊరకుందును.

డీజిలు బండ్లవారు ఇది తమకు చెప్పినది కాదని తప్పుకొనరాదు. డీజిలు అంత సులభముగా అంటుకొనదు, నిజమే. అయినను రోడ్డు మలుపున అది పరచిన జిడ్డుపై వెనుక వచ్చు స్కూటరు జారును. ఆ స్కూటరుమీద ఎవరు, ఎందరు కూర్చుండిరో ముందు పోయినవాడు ఎన్నడును ఎరుగడు.

ఇక నింపుట సంగతి. బంకులోని నాజిలు కొనయందు సన్నని రంధ్రమొకటి యుండును. పెట్రోలు పారుచున్నంతసేపు ఆ రంధ్రముద్వారా గాలి లోనికి పీల్చబడుచుండును. మట్టము పెరిగి రంధ్రము మునిగినంతనే గాలి ఆగును. లోపలి పలుచని పొర ఆ పీల్పునకు కదలును. టక్కుమని మీట విడిపడును. ఆటో కటాఫ్ అందురే, అది యిదియే. దానికి కరెంటు అక్కరలేదు, కంప్యూటరు అక్కరలేదు, మొగమాటము లేదు. అది "చాలును" అన్న తరువాత మనము చేయునదేమి? మీటరుమీద 2,863 రూపాయలు కనబడును. బంకు కుర్రవాడు "రౌండ్ ఫిగర్ చేసేదా సార్?" అనును. నీవు తల యూపుదువు. వాడు కొంచెము కొంచెముగా నొక్కి నొక్కి మూడువేలు చేయును. ఆ 137 రూపాయల పెట్రోలు, అనగా సుమారు లీటరుంపావు, ఉండవలసిన చోట చోటులేక మెడలోనికి ఎగబ్రాకి నిలుచును. చిల్లర లెక్క తప్పించుకొనుటకు చేసిన పని యిది. ఫోనుతో పైసలతోసహా చెల్లించు ఈ కాలమున ఆ చిల్లర బాధయు లేదు. అలవాటు మాత్రము మిగిలినది.

ట్యాంకు పైభాగమున కొంత ఖాళీని తయారుచేసినవారు బుద్ధిపూర్వకముగా విడిచిరి. పెట్రోలు వేడికి ఉబ్బును: ఒక్కొక్క డిగ్రీకి ఇంచుమించు వేయింట ఒక వంతు. బంకు ట్యాంకు నేలలో పాతియుండును గనుక ఎండకాలమున అందులోని పెట్రోలు బయటి గాలికంటె చల్లగా ఉండును. 40 లీటర్లు నింపి రోహిణి కార్తె ఎండలో నిలిపితివా, అది 15 డిగ్రీలు వేడెక్కినను అర లీటరునకు మించి ఉబ్బును. ఆ ఉబ్బునకు చోటు కావలెను. లేనిచో ఆవిరి పోవలసిన గొట్టములోనికి ద్రవమే ఎక్కి, దాని చివరనున్న క్యానిస్టరును చేరును. అందులోని బొగ్గు ఆవిరిని పట్టి యుంచుటకు ఏర్పడినది. ద్రవములో నానినచో చెడును. ఆ పిమ్మట ఫుల్ ట్యాంకు చేయించినప్పుడెల్ల వాసన వచ్చును, స్టార్టు చేయబోగా ఇంజను మొండికేయును. ఎక్కడను పగులు లేకయే పగులున్నట్లు తోచును. మెకానిక్ ట్యాంకు దింపి, ఎక్కించి, ఏమియు కానక తల గోకికొనును.

ప్రతి వేసవిలోను ఫోన్లలో ఒక వార్త తిరుగును: ఎండకాలమున ట్యాంకు నిండా పోయించినచో పేలునని, సగమే పోయించుడని, క్రింద ఇండియన్ ఆయిల్ పేరు. ఆ సంస్థ అది తన మాట కాదని, తయారీదారు చెప్పిన పరిమితివరకు ఏ కాలమునందైనను నింపవచ్చునని బహిరంగముగానే చెప్పినది. అయినను వార్త చావదు. భయపడి సగము నింపువాడును, దోషము దాచుటకు సగము నింపువాడును కడకు ఒకే చోటికి చేరుదురు: తమ ట్యాంకు నిండినప్పుడు ఎట్లుండునో ఇరువురును ఎరుగరు. నిండుగా నింపుట తప్పు కాదు. కటాఫ్ పడిన తరువాతను నింపుట తప్పు. నింపినప్పుడు కారినదానిని చూచియు చూడనట్లుండుట అంతకంటె పెద్ద తప్పు.

ఇక్కడ ఇంకొక మాట. 37 లీటర్ల ట్యాంకులో 40 లీటర్లు పోసినట్లు బిల్లు వచ్చినదని బంకువానిమీదికి చేయెత్తినవారు కలరు. పుస్తకములో అచ్చువేసిన అంకె మూతవరకు పట్టు కొలత కాదు. పైనున్న ఆ ఖాళీయు, మెడయు అందులో చేరవు. అనుమానమున్నచో 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపుమని అడుగు హక్కు నీకు కలదు. మర్యాదగా అడుగుము. ఎండలో పగలంతయు నిలుచుండు చిన్న జీతపువానిని నలుగురిలో దొంగ అనుట, అదియు నీకు తెలియని లెక్కను పట్టుకొని, పెద్దమనిషి చేయదగిన పని కాదు.

సరే, వాసన వచ్చినది, తడి కనబడినది. ఏమి చేయవలెను? మొట్టమొదట తాళము త్రిప్పకుము. సైలెన్సరు గొట్టము చాల కార్లలో ట్యాంకు సమీపముగనే పోవును. ఇంజను ఆపిన తరువాత కూడ చాలసేపు వేడిగా ఉండును. బంకులోనే కనబడినచో అక్కడివారికి చెప్పి, ఇంజను వేయక, నలుగురిచేత నెట్టించి పంపులకు దూరముగా ఆరుబయట నిలుపుము. వారియొద్ద ఇసుక బకెట్లు, పొడి చల్లు అగ్నిమాపకములు ఉండును. నిప్పంటుకొన్నచో నీళ్లు పోయకుము; పెట్రోలు నీటిపై తేలి మంటను మరింత దూరము మోయును. ఇంటి ముంగిట కనబడినచో సెల్లారులోనికి దింపకుము. దింపిన తరువాత చుక్కలు కారుట చూచితివా, స్విచ్చి దేనినీ ముట్టక, ఆ మూలగదిలోనివారిని పిల్లలతోసహా ముందు బయటకు తెచ్చి, అందరిని దూరముగా పంపి, ఆ తరువాత వెలుపలినుండి 101కి ఫోను చేయుము. ఇంత చిన్నదానికి ఫైరువారిని పిలిచినాడని అసోసియేషనువారు నవ్వుదురేమో, నవ్వనిమ్ము.

మట్టము తగ్గించుటకు రబ్బరు గొట్టము పెట్టి నోటితో పీల్చువారు కలరు. ఒక్క గుక్క ఊపిరితిత్తులలోనికి జారినను ప్రాణముమీదికి వచ్చును. అది ఎప్పుడును కూడదు. చుక్కలు పడుచుండగా "షెడ్డు ఈ సందు చివరే గదా" అని నడుపుకొని పోవుటయు కూడదు. టోయింగు బండిని పిలువుము.

తరువాత వివేచన. కారు క్రింది తడి యెల్ల పెట్రోలు కాదు. ముందుభాగమున పడు రంగులేని, వాసనలేని నీరు ఏసీది. నల్లగా జిడ్డుగా ఉన్నచో ఇంజను ఆయిలు. పచ్చగానో గులాబీ రంగుననో ఉన్నచో రేడియేటరు కూలెంటు. పెట్రోలు త్వరగా ఆరిపోవును, ఘాటు వాసన మిగులును. పెట్రోలేయని తేలినను, అది కారినదా ఒలికినదా అను ప్రశ్న కలదు. మూత దగ్గర ఒలికినది రేకు లోపలివైపునుండి జారి చక్రము వెనుక చుక్కలుగా పడి లీకును తలపించును. చుట్టును తుడిచి, ఆరనిచ్చి, గంటసేపు ఆగుము. మరల తడి రానిచో అది రౌండ్ ఫిగరు వరప్రసాదము. వచ్చినచో లోపల దోషమున్నది.

అప్పుడు మట్టమును సాక్షిగా పిలువుము. ఈ వ్యవహారములో అబద్ధమాడనిది అదియొక్కటే. ట్యాంకు ఏ మట్టమున నున్నను, బండి ఊరక నిలిచియున్నను కారినచో దోషము అడుగుభాగమున నున్నది: ఎత్తైన స్పీడుబ్రేకరు తగిలి నొక్కుకొన్న చోటో, తుప్పుపట్టిన అతుకో. ఇంజను నడుచునప్పుడు కారి, ఆపగానే తగ్గినచో ఇంజనుకు పోవు గొట్టమున. అక్కడ పంపు 3, 4 బార్ల ఒత్తిడితో నెట్టుచుండును. వెంట్రుకవాసి పగులునుండియు చిమ్మును. ఈ రకమును చూచినవాడు మరొక్కసారి స్టార్టు చేసి పరీక్షింతునని పంతము పట్టరాదు. నిండినప్పుడే కారి, కొంత దిగగానే ఆగినచో దోషము పైభాగమున. అక్కడ ఉన్నవి ఏవనగా, మూతనుండి ట్యాంకునకు దిగు మెడ. మెడను ట్యాంకుతో కలుపు లావు రబ్బరు హోసు. దానిని బిగించిన క్లాంపు. దాని ప్రక్కనే పోవు సన్నని గాలిగొట్టము. ట్యాంకు నెత్తిన పంపు కూర్చున్న చోటనుండు రబ్బరు రింగు. బండి బోల్తాపడినప్పుడు మూసికొను వాల్వు.

వీటిలో ఏది దోషియో కనుగొనుటకును ఉపాయము కలదు. నాజిలునుండి పోయుచున్నంతసేపే కారి, పోత ఆపగానే ఆగినచో మెడనో హోసునో అనుమానింపుము. మామూలుగా పెట్రోలు ఆ దారిన పోవునది అప్పుడే గదా. నింపిన పిమ్మట గంటలకొలది కారినచో, నిలిచిన మట్టమునకు దిగువననే పగులున్నది. మలుపు తిరిగినప్పుడు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు లోపల కూర్చున్నవారికి గుప్పుమని వాసన తగిలినచో వెనుకసీటు క్రింద పంపు మూతను చూడవలెను. చాల చిన్న కార్లలో సీటు దిండు ఎత్తి రేకు విప్పినచో అది కనబడును; దానిపై పేరుకొన్న ధూళి ఒకవైపు తడిసి నల్లబడి యుండును. అంతకుముందు ఎప్పుడైనను పంపు మార్పించియుంటివా? అప్పుడు పాత రబ్బరు రింగునే మరల వేసి బిగించిరేమో విచారింపుము. ఇట్టివి నేను చాల వింటిని. వేల రూపాయల పంపు కొన్నవాడు కొద్ది రూపాయల రింగు దగ్గర చేయి ముడుచును.

చుక్క పడిన చోటనే పగులున్నదని నమ్మకుము. పెట్రోలు ట్యాంకు ఒంటివెంట, చట్రము వెంట జారి, అన్నిటికంటె పల్లమైన మూలను చేరి అక్కడ చుక్కయగును. మంచి మెకానిక్ మొదట అంతయు తుడిచి ఆరబెట్టును. కీళ్లన్నిటిపై సుద్దపొడి చల్లును. క్రింద అట్టముక్క పరచి చూచుచు కూర్చుండును. పొడి మొదట ఎక్కడ తడియునో అదియే మూలము. "ఏదో హోసు అయియుండును, మార్చివేయుదము" అనువానికంటె అట్లు గంటసేపు ఊరక కూర్చున్నవానికి ఎక్కువ కూలి ఇమ్ము. చూచినందుకు కూలి ఇచ్చు అలవాటు మనకు తక్కువ, విప్పినందుకే ఇత్తుము. పెద్ద వర్క్‌షాపులలో ఆవిరి గొట్టములలోనికి పొగ ఎక్కించి పగులు చూపు యంత్రము కలదు. కంటికి అందని చోట్లకు అది మేలు. వెలుతురునకు ఎల్‌ఈడీ టార్చి వాడవలెను. అగ్గిపుల్ల మాట చెప్పనక్కరలేదని నీవనుకొందువేమో, చెప్పవలసియే యున్నది. తీగకు వ్రేలాడు పాత షెడ్డు బల్బును అగ్గిపుల్లతో సమానమే: చేజారి పగిలినచో లోపలి తీగ ఆ క్షణమున ఎర్రగా కాలుచుండును. ఒక్క జాకీపై లేచిన బండి క్రిందికి తల దూర్చుట ఎవరికిని తగదు.

ఈ భాగములు ఏల చెడును? చక్రము ఎగజిమ్మిన బురద మెడచుట్టు చేరి వానకాలమంతయు తడిగా నిలుచును; ఇనుము తుప్పుపట్టును. విశాఖ, కాకినాడ, మచిలీపట్నములవారికి ఉప్పుగాలి తోడు. నెలలకొలది కదలని బండి క్రింద ఎలుకలు చేరి గొట్టములు కొరుకును. దీనికి ఊరితో పనిలేదు. రబ్బరు ఏండ్లు గడచినకొలది బిరుసెక్కి చిట్లును. 2023 ఫిబ్రవరినుండి మన దేశమున 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చినది. ఆ మిశ్రమమునకు ఏర్పడని పాత బండ్లలో కొన్నింటికి 20 వేల నుండి 30 వేల కిలోమీటర్ల తరువాత కొన్ని రబ్బరు భాగములు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని పెట్రోలియము మంత్రిత్వశాఖయే 2025లో చెప్పినది. ప్రతి లీకును ఇథనాలు నెత్తిన రుద్దుటయు, దానివలన ఏమియు కాదని కొట్టివేయుటయు రెండును సోమరితనమే. నీ బండి ఏ సంవత్సరపుదో చూచుకొని, హోసులు మార్పించుకొనుము.

ఒక్కొక్కప్పుడు దోషము నీది కాదు, తయారుచేసినవారిది. 2014 ఏప్రిల్లో మారుతి సుజుకి సంస్థ ఎర్టిగా, స్విఫ్టు, డిజైరు కార్లను 1,03,311 వెనుకకు పిలిచినది. ఏ భాగము కొరకనుకొన్నావు? ఇంధనము పోయు మెడ కొరకే. 2013 నవంబరు 12 మొదలు 2014 ఫిబ్రవరి 4 వరకు తయారైన ఆ కార్లలో, ఆటో కటాఫ్ దాటి బాగుగా నింపినప్పుడు వాసన రావచ్చునని, అరుదుగా కారవచ్చునని సంస్థ ప్రకటించి, ఉచితముగా మార్చి ఇచ్చినది. రౌండ్ ఫిగరు చేయించుకొనువారు లేనిచో ఆ దోషము చాలకాలము బయటపడకయే యుండునేమో. అయినను బాధ్యత రౌండ్ ఫిగరువారిదని సంస్థ తప్పుకొనలేదు, ఆ మాట ఒప్పుకొనవలెను. నీ బండి ఛాసిస్ నంబరు చెప్పి, అట్టి పిలుపేదైన ఉన్నదేమో సర్వీసు సెంటరులో విచారింపుము. ముందు యజమానికి వచ్చిన ఉత్తరము సెకండు హ్యాండు కొన్నవానికి చేరదు.

తప్పుకొన్నవారి కథయు వినుము. అమెరికాలో 1970లో ఫోర్డు కంపెనీ పింటో అను చిన్న కారును విక్రయమునకు తెచ్చెను. దాని ట్యాంకు వెనుక ఇరుసునకు వెనుకప్రక్కన ఉండెను. వెనుకనుండి మరొక బండి గుద్దినప్పుడు మెడ ట్యాంకునుండి ఊడి వచ్చుట, ట్యాంకు ముందుకు నొక్కుకొని ఇరుసు బోల్టులు గుచ్చుకొనుట జరుగుచుండెను. ప్రాణములు పోయినవి, శరీరములు కాలినవి. 1978లో కాలిఫోర్నియా జ్యూరీ ఒక్క వ్యాజ్యములోనే శిక్షారూపమున 12.5 కోట్ల డాలర్లు చెల్లించుమని తీర్పు చెప్పెను. న్యాయమూర్తి దానిని 35 లక్షలకు తగ్గించెను. ఆ యేడే సుమారు 15 లక్షల కార్లను వెనుకకు పిలిచి, పొడవైన మెడను, ట్యాంకునకు ప్లాస్టిక్ కవచమును వేసిరి. ఆ మరమ్మతు ఎంత చిన్నదో చూచితివా? అంతకుముందు 1973లో ఆ కంపెనీ ప్రభుత్వ భద్రతా శాఖకు ఒక లెక్క సమర్పించియుండెను. బోల్తాపడిన కార్లనుండి ఇంధనము కారకుండ చేయుటకు కారుకు 11 డాలర్లగును. చేయనిచో కాలి చనిపోవువారు 180 మంది. మనిషికి 2 లక్షల డాలర్లు. గుణించి, కూడి, 11 డాలర్లు ఎక్కువ ఖర్చని తేల్చిరి. న్యాయముగా చెప్పవలెనన్నచో ఆ లెక్క పింటో ఒక్కదానికి వేసినది కాదు, దేశములోని కార్లన్నిటికిని వేసినది. ప్రాణమునకు కట్టిన వెల కూడ ప్రభుత్వ శాఖ అంచనాలనుండి తీసికొన్నదే. అది తెలిసిన తరువాత నాకు మనస్సు తేలికపడలేదు. ఒక్క కంపెనీ దుర్మార్గమని త్రోసివేయుటకు వీలులేకపోయినది.

ఎందుకనగా, సగము ట్యాంకు కొట్టించువాడు వేయునదియు ఆ లెక్కయే. హోసు మార్పించుటకు ఇంత, ఒకదినము బండి లేకుండుట ఇంత, నిప్పంటుకొను అవకాశము ఎంతో తక్కువ. ఆ కంపెనీ గుమాస్తాలు కాగితముమీద వేసిరి, వీడు మనస్సులో వేయును. కాగితము లేదు గనుక వీనిని ఎవ్వరును కోర్టున నిలుపరు. అవకాశము తక్కువయే, నేను కాదనను. కాని ఆ లెక్కలో మూలగదిలోని ఇల్లాలి పేరు చేర్చినప్పుడు ఆమెను అడిగితివా?

మెకానిక్ వృత్తిలోనివారు ఎవరైన దీనిని విన్నచో, మీకును ఒక మాట. పగులుమీద సబ్బు రుద్దుట, ఎం-సీల్ ముద్ద పూయుట షెడ్డుదాక చేరుటకు పనికివచ్చిన వచ్చును; మరమ్మతని చెప్పి డబ్బు పుచ్చుకొనుటకు పనికిరాదు. మరి ఘోరమైనది వెల్డింగు. "ఖాళీ ట్యాంకే గదా" అని మంట పెట్టుదురు. నిండు ట్యాంకులో ఆవిరి మరీ చిక్కగా ఉండి గాలి చాలక అంటుకొనకపోవచ్చును. ఖాళీ ట్యాంకులోనే గాలియు ఆవిరియు మండదగిన పాళ్లకు వచ్చి కలియును. ఒకసారి నీళ్లతో కడిగిన మాత్రమున అది పోదు. అతుకులలో, తుప్పు పొరలలో దాగిన పెట్రోలు మంట వేడికి మరల ఆవిరియగును. అట్టి సమయమున ట్యాంకును కదలకుండ పట్టుకొని నిలుచువాడు, సాధారణముగా, పని నేర్చుకొనుటకు వచ్చిన కుర్రవాడు. తుప్పుపట్టిన ట్యాంకును మార్చుడు. యజమాని డబ్బు లేదన్నచో బండిని తీసికొనిపొమ్మని చెప్పుడు. కోపము వచ్చి వేరొక షెడ్డునకు పోవును, పోనిండు.

నాయనా, మరమ్మతు ముగిసినదని బిల్లు చేతికి వచ్చినప్పుడు సగము ట్యాంకుతో ఇంటికి పోయి నిశ్చింతగా ఉండకుము. ఆ దోషము నిండినప్పుడు బయటపడినది. పోయినదో లేదో నిండినప్పుడే తెలియవలెను. కటాఫ్ పడువరకు నింపించుము, ఆపైన చుక్క వద్దు. ఆ రాత్రి బండిని ఆరుబయట, చుట్టును నిప్పు లేని చోట, పొడినేలపై నిలిపి క్రింద అట్ట పరచుము. మరునాడు వాలుగా ఉన్న చోట ముక్కు పైకి పెట్టి కొంతసేపు, క్రిందికి పెట్టి కొంతసేపు ఉంచి చూడుము. వెనుకసీటు దిండు ఎత్తి వాసన చూడుము. అన్నియు పొడిగా ఉన్నచో అప్పుడు సెల్లారులోనికి దింపుము, ఏమి జరిగినదో వాచ్‌మన్‌కు దాచక చెప్పుము. ఇకముందు వాసన వచ్చినచో ఏ వేళనైనను నిన్ను లేపుమనుము.

కొన్నేండ్లకు ఆ బండిని అమ్ముదువు. అమ్మునాడు పావు ట్యాంకుతో చూపుట మన సంతలో మర్యాదగా చెల్లుచున్నది. కొనువాడు ఏమియు కనుగొనలేడు. మరమ్మతు చేయించియున్నచో ఆ బిల్లును కాగితములతో పాటు వాని చేతికిమ్ము. చేయింపకయే అమ్మవలసి వచ్చినచో వానిని ఆరుబయటనున్న షెడ్డునకు తీసికొనిపోయి, మెకానిక్ ఎదుట ఏ భాగమున దోషమున్నదో వ్రేలు పెట్టి చూపి, ట్యాంకు నింపినప్పుడు ఏమగునో చెప్పుము. వాడు ధర తగ్గించి అడుగును, తగ్గించి యిమ్ము.